చాప, చేప: రెండు ‘చ’లకూ ఒకే గుర్తు వద్దు

కావలిలో మీ అవ్వ మాటలు రికార్డు చేసి రాస్తూ, చాపలో, చేపలో ‘చ’ ఒకటేనా అని అడిగావు తమ్ముడూ. ఒకటి కాదు. మెల్లగా పలికి చూడు. చాప అనేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక తగులుద్ది. చేపకైతే నాలుక వెడల్పై అంగిలికి ఆనుద్ది. మొదటిది దంత్యం: ఐపీఏలో, అంటే ఏ భాష ధ్వనులనైనా రాసే అంతర్జాతీయ గుర్తుల్లో, ‘టీ’, ‘ఎస్’ పక్కపక్కన రాసి, పైన విల్లులాంటి గీతతో కలపాలి. రెండోది తాలవ్యం, దానికి ఎస్ బదులు నిలువుగా సాగిన ఎస్ వాడతారు. తెలుగు లిపిలోనే కావాలంటే దంత్యానికి ౘ ఉంది, 2008లోనే యూనికోడ్‌లో చేరింది. అచ్చతెలుగులో మామూలుగా అ, ఉ, ఒ ముందు దంత్యం, ఇ, ఎ ముందు తాలవ్యం: మంౘం, మంచి. చక్రం లాంటి సంస్కృత మాటల్లో తాలవ్యమే. అయినా అవ్వ ఎట్లా పలికితే అట్లాగే రాయి, సూత్రం చూసి దిద్దబాక.