ఇంటి పని – మీ ప్రశ్నలు: రోబో శాండ్ మంచిదే, మరి దుమ్ము సంగతి?

ఏటి ఇసుకకి బదులు, రాయిని కొట్టి చేసే రోబో శాండ్ వాడినా ఇల్లు గట్టిగానే ఉంటుందని పోయిన సంచికలో ఒక్క ముక్క రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఇసుక గురించి, కొన్ని దుమ్ము గురించి. ఏళ్ళ తరబడి సైట్లలో మెటీరియల్ ల్యాబ్ చూసినదాన్ని కాబట్టి నాకు అవి వేర్వేరు సంగతులుగా అనిపించవు. అందుకే అన్నీ ఒక్కచోటే వేస్తున్నాను.

నిజాంపేటలో ఇల్లు కట్టుకుంటున్నాం. స్లాబుకి రోబో శాండ్ సరేనన్న మేస్త్రీ, ప్లాస్టరింగ్‌కి మాత్రం ససేమిరా అంటున్నాడు. గోడలు పగుళ్ళు తీస్తాయట. నిజమేనా? – ఒక గృహిణి

మీ మేస్త్రీ మాట కొట్టిపారేయకండమ్మా. ఆయన చేతిలో పగిలిన గోడల్లో చాలావాటికి పూసింది రోబో శాండ్ కాదు, క్రషర్ డస్ట్. కంకర కొట్టగా అడుగున మిగిలే పొడి అది. చవక కనక రోబో శాండ్ పేరుతో దిగిపోతుంది. అసలు సరుకు తయారీ వేరు. జా క్రషర్, కోన్ క్రషర్ దాటి వచ్చిన రాయిని వీఎస్‌ఐ అనే యంత్రం గిరగిరా తిప్పి విసురుతుంది. రాయిని రాయే కొట్టుకుని మూలలు విరిగి గింజ కాస్త కుదురుగా వస్తుంది. గుప్పెడు తీసి కడిగి అరచేతిలో పరిచి చూడండి. డస్ట్ అయితే సగం గింజలు పలచగా పెంకుల్లా ఉంటాయి.

ప్లాస్టరింగ్‌కి సన్న రకం విడిగా అమ్ముతారు. బిల్లు మీద 'ప్లాస్టరింగ్ శాండ్' అని రాయించుకోండి. స్లాబుకి తెచ్చిన దాన్నే జల్లెడ పట్టి పూసేస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంకో మాట. రోబో శాండ్ గింజకి మూలలుంటాయి కనక దానితో కలిపిన మాలు (సిమెంటు ముద్ద) ఏటి ఇసుకతో కలిపినంత సులువుగా జారదు. తాపీ ఆడటం లేదని పనివాడు పైపు తిప్పేస్తాడు. ఆ ఎక్కువ నీళ్ళు ఆరిపోయేటప్పుడు గోడ పగులుతుంది, నింద ఇసుక మీద పడుతుంది. నీళ్ళకి డబ్బా కొలత పెట్టించండి. పూత మీద కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకండి.

గాజు గ్లాసులో ఇసుక, ఉప్పునీళ్ళు పోసి కలిపి, ఇసుక మీద పేరుకునే పొర కొలిచే పరీక్ష మీరూ చూసే ఉంటారు. అది ఏటి ఇసుకకి పెట్టింది, అక్కడ పైకొచ్చేది బురద. రోబో శాండ్‌లో పైకొచ్చేది చాలావరకు రాతిపొడి. కాంక్రీటు ఇసుక, కంకరలకి భారత ప్రమాణమైన ఐఎస్ 383ని 2016లో సవరించారు. దాని ప్రకారం 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నటి పొడి ఏటి ఇసుకలో 3 శాతం దాటకూడదు, రాతి ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి పొర మందంగా కనబడగానే లోడు వెనక్కి పంపేయకండి, జల్లెడ పరీక్ష రిపోర్టు అడగండి. అనుమానం ఉంటే దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. కాంక్రీటుకి ఆ 15 శాతంతో పేచీ లేదు. పేచీ అది ఎండి గాల్లోకి లేచినప్పుడు.

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కనే రెండు టవర్లు లేస్తున్నాయి. బాల్కనీ తుడిస్తే బకెట్లో నీళ్ళు బూడిదరంగుకి తిరుగుతున్నాయి. బాబుకి దగ్గు తగ్గడం లేదు. ఫోన్‌లో మాత్రం గాలి 'సంతృప్తికరం' అని వస్తోంది. దేన్ని నమ్మాలి? – ఒక తండ్రి

ముందు బాబుని డాక్టరుకి చూపించండి, ఈ పేజీ తర్వాత చదవొచ్చు. ఊపిరి తీసుకునేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే ఇవాళే వెళ్ళండి.

ఫోన్ అబద్ధం చెప్పడం లేదు, మీ ఇంటి గురించి చెప్పడం లేదంతే. ఆ అంకె ఎక్కడో ఉన్న కేంద్రంలో కొలిచినది, 24 గంటల సగటు. పొద్దున పదకొండింటికి టిప్పర్ ఇసుక దించినప్పుడు మీ బాల్కనీలో ఏం జరిగిందో అందులో ఉండదు. పైగా మన లెక్కలో పీఎం10 అనే సన్న దుమ్ము ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాముల దాకా 'సంతృప్తికరమే'. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల హద్దు 45. మీరు గుడ్డతో తుడిచేది కూడా ఎక్కువగా దొడ్డు దుమ్మే. పీఎం10 అంటే పది మైక్రాన్లు, ఆ లోపువి. తల వెంట్రుక మందం సుమారు 70. లోపలికి పోయేది కంటికి విడిగా కనబడదు.

మీరంతా తలెత్తి టవర్ వైపు చూస్తారు. నేనైతే గేటు దగ్గర నిలబడతాను. లోపలి బురదలో దిగిన టిప్పర్ టైర్లు ఆ మట్టినీ ఇసుకనీ రోడ్డు మీద రెండు చారలుగా ఈడ్చుకొస్తాయి. మధ్యాహ్నానికి అది ఎండుతుంది. మీ కార్లు, స్కూలు బస్సులు దాన్ని పిండి చేస్తాయి. సాయంత్రం ఎవరో పొడి చీపురుతో ఊడ్చి మళ్ళీ గాల్లోకి లేపుతారు. ఐఐటీ కాన్పూర్ వాళ్ళు 2016లో ఢిల్లీకి వేసిన లెక్కలో పీఎం10 ఉద్గారాల్లో 56 శాతం రోడ్డు దుమ్ముదే, కాంక్రీటు కలిపే ప్లాంట్లవి ఇంకో 10 శాతం. ఢిల్లీ అంకెలు హైదరాబాద్‌కి అతకవు గానీ, టైరు చేసే పని ఎక్కడైనా ఒకటే. గేటు దగ్గర టైర్లు కడిగే గుంట ఒకటి పెడితే సగం గొడవ వదులుతుంది. కోట్ల ప్రాజెక్టులో ఆ గుంటకే చేతులు రావు!

గ్రీన్ నెట్ కట్టాం కదా అని సైట్ ఇంజినీర్లు అంటారు. ఆ నెట్ కన్నం మిల్లీమీటర్లలో ఉంటుంది, దుమ్ము మైక్రాన్లలో. పెచ్చులు కిందపడకుండా అది పనికొస్తుంది, మీ బాబు ఊపిరితిత్తులకి కాదు.

అడగడానికి మీకు పట్టు ఉంది. దుమ్ము హద్దు దాటే నగరాల కోసం కేంద్రం 2018 జనవరి 25న నిబంధనలు తెచ్చింది. ఇసుక, మట్టి, శిథిలాలు కప్పకుండా ఉంచకూడదు. కప్పని బండి తిరగకూడదు. రాళ్ళు, టైల్స్ బయట కోయకూడదు. నీళ్ళు చల్లే ఏర్పాటుండాలి. భవనం ఎత్తులో మూడోవంతు, గరిష్ఠంగా 10 మీటర్ల దాకా గాలి అడ్డు ఉండాలి. 'దుమ్ము ఎక్కువగా ఉంది' అని రాస్తే ఫైలు కదలదు. కప్పని ఇసుక కుప్ప, గేటు ముందు టైరు చారలు తేదీ కనబడేలా ఫొటో తీసి, ఏ నిబంధన తప్పారో రాసి, మున్సిపల్ ఆఫీసుకి, కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద అయితే ఇంకా మంచిది.

మీరు పట్నంలో కూర్చుని రోబో శాండ్ వాడమని రాస్తారు. మా ఊరవతల గుట్టకి వరసగా క్రషర్లు. పత్తి చేను తెల్లగా పొడి కప్పుకుని ఉంటుంది. ఏరు బతకడానికి మేం దుమ్ము తినాలా? – యాదాద్రి భువనగిరి జిల్లా రైతు

తినక్కర్లేదన్నా. అయినా ఏటి ఇసుక తోడుకోమని నేను చెప్పలేను. ప్రపంచం ఏడాదికి సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐరాస పర్యావరణ సంస్థ అంచనా. ఏట్లో ఇసుక పోతే పక్కన బోర్లలో నీళ్ళు పోతాయి, అదీ రైతు నెత్తికే.

క్రషర్‌కి కూడా కొలత ఉంది. యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల మధ్య కొలిస్తే గాలిలో తేలే దుమ్ము ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాములు దాటకూడదు. యంత్రాలకి మూత, నీటి జల్లు, గాలి అడ్డు గోడ, లోపల గట్టి రోడ్డు, చుట్టూ చెట్లు ఉండాలి. తనిఖీ రోజున జల్లు తిరుగుతుంది, మిగతా రోజుల్లో మోటారు ఆపేస్తారు. అందుకే ఫిర్యాదులో ఏ పూట జల్లు ఆగిందో రాయండి. మన గుట్టల గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది. పీల్చగలిగినంత సన్నటి సిలికా పొడి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. ఆ పొడితో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ సరే సరి. క్రషర్‌లో పనిచేసేవాళ్ళు మూతికి చుట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు.

జల్లు ఎందుకు ఆపేస్తారో కొనేవాళ్ళూ తెలుసుకోవాలి. రోబో శాండ్ అమ్మేది టన్నుల్లెక్కన. 20 టన్నుల లోడులో 5 శాతం తేమ ఉంటే ఒక టన్ను నీళ్ళకి డబ్బు కట్టినట్టని కొనేవాడు పొడి సరుకే కావాలంటాడు. ఆ పొడి సరుకే మీ పత్తి మీద, దారి పొడుగునా, తెల్లాపూర్ బాల్కనీలో రాలుతోంది. తేమ శాతం కొలిచి దాన్ని బరువులోంచి తీసేసి లెక్క కట్టడం ల్యాబ్‌లో చిన్న పని. ఇల్లు కట్టేవాళ్ళు తడి సరుకే అడగండి, తేమ బరువు కోత వేయించండి, టార్పాలిన్ లేని లోడు దించుకోవద్దు. అసలు ఇసుక వాడకమే తగ్గించుకోవచ్చు. తేలికపాటి కాంక్రీటుతో చేసే ఏఏసీ బ్లాకుల గోడ చదునుగా వస్తుంది, పలచటి పూతతో సరిపోతుంది. గోడ వంకర కప్పడానికి రెండంగుళాల మాలు పూయించడం మన మేస్త్రీల దురలవాటు.

కాఫీ పిప్పిని ఇసుకగా మార్చారని విన్నాను. నిజమేనా? – ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

నిజమే. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023లో వెల్లడించారు. వాడేసిన కాఫీ పొడిని ఆక్సిజన్ లేకుండా 350 డిగ్రీల్లో కాల్చి, ఇసుకలో 15 శాతం బదులు వేస్తే కాంక్రీటు బలం దాదాపు 30 శాతం పెరిగిందట. కానీ ప్రపంచంలో ఏడాదికి మిగిలే కాఫీ పిప్పి కోటి టన్నులని వాళ్ళే చెప్పారు. పైన రాసిన 5,000 కోట్ల పక్కన పెట్టి చూడు బాబూ. ప్రాజెక్టు చెయ్యాలనుంటే బూడిద మీదో, ఇనుము కరిగించగా మిగిలే స్లాగ్ మీదో చెయ్యి, మీకు విశాఖ ఉక్కు ఎంతో దూరం లేదు. ఇనుము స్లాగ్ ఇసుకని ఇనుప చువ్వలు వేసే కాంక్రీటులో, అంటే ఆర్‌సీసీలో 25 శాతం దాకా ఐఎస్ 383 ఒప్పుకుంటుంది.

మల్కాజిగిరిలో పాత ఇల్లు పడగొడుతున్నాం. ఆ శిథిలాలతోనే కొత్త ఇంటికి ఇసుక చేయించుకోవచ్చా? – రిటైర్డ్ ఉద్యోగి

ఇటుక, సున్నం, టైల్స్ కలిసిన గుట్టతో కుదరదండీ, అది ఆర్‌సీసీకి పనికిరాదు. శుభ్రమైన కాంక్రీటు ముక్కల నుంచి తీసినదైతే 20 శాతం దాకా, అదీ కాంక్రీటు బలంలో ఎం25 అనే గ్రేడు వరకే. ఇంట్లో ఆ విడదీత అయ్యే పని కాదు. శిథిలాల ప్లాంటుకి పంపండి. జీడిమెట్లలో 2020లో మొదలైనది రోజుకి 500 టన్నుల సామర్థ్యంతో కట్టారు. చెరువు గట్టున పోసి వస్తాననే ట్రాక్టరు వాడిని మాత్రం పిలవకండి.

పడగొట్టే ముందు రోజు సాయంత్రం గోడలు తడపండి, కొట్టేటప్పుడు పైపు ఆడుతూనే ఉండాలి. వంటింటి మీద పాత సిమెంటు రేకులున్నాయా? ఉంటే వాటిలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు చేసే నార) ఉందనే అనుకోండి. సుత్తి తగలనివ్వద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా కిందికి దించి, మిగతా శిథిలాల్లో కలపకుండా పక్కన పెట్టించండి.