ట్రూక్రిప్ట్ పాత ఫైలు తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: ఉబుంటు 24.04 వాడుతున్నాను. 2012లో, ఫైళ్లను పాస్‌వర్డ్‌తో తాళం వేసి దాచే ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో చేసుకున్న కంటైనర్ (చాలా ఫైళ్లను దాచే పెట్టెలాంటి) ఫైల్లో నాన్నగారి పొలం పాస్‌బుక్ స్కాన్లు, పాత ఫొటోలు ఉన్నాయి. అలాంటిదే అయిన కొత్త వెరాక్రిప్ట్‌లో తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. దాని సోర్స్ (ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్) నుంచి కంపైల్ చేస్తే, అంటే నేనే ప్రోగ్రామ్‌గా కట్టుకుంటే, పని చేస్తుందేమోనని చూస్తే, 'డబ్ల్యూఎక్స్-కాన్ఫిగ్ నాట్ ఫౌండ్' అని మధ్యలో ఆగిపోతోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండి, మీ పాస్‌వర్డ్ సరైనదే అయ్యుండొచ్చు. ట్రూక్రిప్ట్ 2014 మేలో ఆగిపోయింది. దాని కోడ్ మీదే కట్టిన వెరాక్రిప్ట్ చాలా ఏళ్లు ఆ పాత ఫైళ్లను కూడా తెరిచేది, కానీ 1.26 నుంచి ఆ సదుపాయం తీసేశారు. కాబట్టి కొత్త వెర్షన్‌ను మీరు ఎన్నిసార్లు కంపైల్ చేసినా ఆ ఫైలు తెరుచుకోదు.

దారి ఇంకోటి ఉంది. క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రామ్ ఉబుంటు రెపాజిటరీలోనే (ఉబుంటు తన ప్రోగ్రామ్‌లు ఉంచే చోట) దొరుకుతుంది, దానికి ట్రూక్రిప్ట్ ఫైళ్లు చదవడం వచ్చు. ముందు ఫైలుకు ఇంకో కాపీ తీసుకోండి, తర్వాత ఆ కాపీని క్రిప్ట్‌సెటప్ 'ఓపెన్' కమాండ్‌తో, టైప్ దగ్గర 'టీక్రిప్ట్' అని ఇచ్చి, రీడ్‌ఓన్లీగా తెరవండి. తెరుచుకున్నాక డెవ్ ఫోల్డర్లోని మ్యాపర్‌లో మీరిచ్చిన పేరుతో కనిపిస్తుంది, దాన్ని మామూలు డిస్కులాగే మౌంట్ చేసుకోవాలి, అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించుకోవాలి.

బయటికి తీసిన ఫైళ్లను మళ్లీ వెరాక్రిప్ట్ కంటైనర్లో దాచుకోవచ్చు, అందుకు ఇక కంపైల్ సంగతి. ఆ ఎర్రర్‌కి అర్థం, కిటికీలు, బటన్లు గీసే డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ లైబ్రరీకి సంబంధించిన డెవలప్‌మెంట్ ప్యాకేజీ మీ సిస్టంలో లేదని. ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ చాలు, కట్టడానికి మాత్రం హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పేవి) కావాలి, అవి ఉబుంటులో పేరు చివర 'డెవ్' అని ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. దాంతోపాటు బిల్డ్-ఎసెన్షియల్, యాస్మ్, ఫ్యూజ్ డెవ్, పీసీఎస్‌సీలైట్ డెవ్ ప్యాకేజీలు పెట్టుకుని, సోర్స్‌లోని 'ఎస్ఆర్‌సీ' ఫోల్డర్లోకి వెళ్లి, ప్రోగ్రామ్‌ను కట్టే 'మేక్' కమాండ్ కొట్టండి. తయారైన ప్రోగ్రామ్ అందులోనే 'మెయిన్' ఫోల్డర్లో ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయకముందే అక్కడినుంచే నడిపి చూడొచ్చు.

అయితే మేక్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్నే వదిలేస్తారు. సోర్స్ నుంచి కట్టుకున్నాం కాబట్టి భద్రమే అనుకుంటారు, కానీ మీకు చేరిన ఆ ఫైలు అసలుదేనా అన్నది కంపైలర్‌కి తెలియదు కదా! ఆర్కైవ్ పక్కనే ఉండే సంతకం ఫైలు, ఆ సంతకాన్ని సరిచూసే డెవలపర్ల పబ్లిక్ కీ కూడా దించుకుని, సంతకాలు తనిఖీ చేసే జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో సరిచూడండి. కీని గుర్తుపట్టే కోడ్ అయిన ఫింగర్‌ప్రింట్ నాలుగేసి అక్షరాల చొప్పున పది ముక్కలుగా కనిపిస్తుంది, సైట్లో ఇచ్చిన దానితో పదీ పోల్చండి, మొదటిదీ చివరిదీ చూసి సరిపెట్టుకోవద్దు. 'గుడ్ సిగ్నేచర్' వచ్చాక దాని కిందే కీ మీద నమ్మకం లేదన్నట్టు ఒక హెచ్చరిక వస్తుంది, ఆ కీని మీరు సర్టిఫై చేయలేదని మాత్రమే దాని అర్థం. 'బ్యాడ్ సిగ్నేచర్' అని వస్తే మాత్రం ఆ ఆర్కైవ్‌ను తీసేసి మళ్లీ దించుకోండి.

ఇంకో మాట, ఇలా కట్టుకున్నదాన్ని ఉబుంటు అప్‌డేట్ చేయదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మీరే మళ్లీ కట్టుకోవాలి. వెరాక్రిప్ట్‌లో చేసుకున్న కొత్త కంటైనర్ తెరవడానికి కొన్ని సెకన్లు పడితే కంగారు వద్దు, పాస్‌వర్డ్ నుంచి కీ తీయడానికి ట్రూక్రిప్ట్ వెయ్యి, రెండు వేల సార్లు తిప్పితే వెరాక్రిప్ట్ మామూలుగా 5 లక్షల సార్లు తిప్పుతుంది. స్కాన్లు, ఫొటోలు ఆ కొత్త కంటైనర్లోకి మార్చి, ఒకసారి మూసి మళ్లీ తెరిచి, ఒక్కోటీ కనిపిస్తోందని చూసుకునేదాకా పాత ఫైలు చెరపకండి.