ఓడల యజమానుల సంఘం కొత్త కార్యదర్శికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఓడల యజమానుల సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. వచ్చే నెలలో మంత్రిత్వ శాఖలో సమావేశం ఉందనీ, అక్కడ పరిశ్రమ తరఫున ఎలా మాట్లాడాలో చెప్పమనీ అడిగావు. ఆ కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక, నాకు అనుభవంలో తెలిసినంత వరకు రాస్తున్నాను.

బల్లకు అవతల కూర్చునే అధికారికి ఓడల ఫైలు ఒక్కటే పని కాదు. ఆయన నిబంధన రాయగలడు గాని, నడిసముద్రంలో, ఇంజిన్ గదిలో ఆ నిబంధన ఎలా అమలవుతుందో మనవాళ్లు చెబితేనే ఆయనకు తెలుస్తుంది. ప్రభుత్వం దగ్గర మన సంఘానికి ఉన్న విలువంతా ఆ సమాచారానిదే. ‘పరిశ్రమ కుదేలవుతుంది’ అని రాసిన వినతిపత్రాలు ఆయన దగ్గర కట్టలు కట్టలుగా ఉంటాయి. అలా కాకుండా, ఫలానా యంత్రం అమర్చడానికి ఓడను డ్రైడాక్‌కు, అంటే నీళ్లు తోడేసి ఓడను బాగుచేసే చోటికి, తీసుకెళ్లాలనీ, ఆ వంతు ఓడకు జరిగే ఏ సర్వేతో (తనిఖీతో) పాటు వస్తుందనీ, ఆ పని చేయగల యార్డులు ఎన్ని ఉన్నాయనీ రాస్తే, అది ఆయన తన పైఅధికారికి చూపించుకోగలిగిన కాగితమవుతుంది. ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకునే నీటిని శుద్ధి చేశాకే సముద్రంలోకి వదలాలనే బలాస్ట్ నీటి ఒప్పందమే చూడు. 2004లో ఆమోదం పొందినా, 2017 సెప్టెంబరు 8న గాని అది అమలులోకి రాలేదు. యార్డుల సామర్థ్యం గురించీ, యంత్రాల పనితీరు గురించీ సంఘాలు పట్టు విడవకుండా వినిపించాయి. చివరికి, అప్పటికే నడుస్తున్న ఓడలకు గడువును వాటి సర్వేలతో ముడిపెట్టి, 2024 సెప్టెంబరు 8 నాటికి అన్నీ ఆ ప్రమాణాన్ని అందుకోవాలని నిర్ణయించారు.

అంకెల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఒకసారి ఒక పన్ను ప్రతిపాదనను అడ్డుకోవాలన్న తొందరలో, ఒక సభ్యుడు ఇచ్చిన ఖర్చు లెక్కను సరిచూడకుండానే మొత్తం పరిశ్రమకు వర్తింపజేసి పంపాను. శాఖలోని ఒక చిన్న ఉద్యోగి దాన్ని పట్టుకున్నాడు. ఆ పన్ను సంగతి అటుంచు, ఆ తర్వాత చాలాకాలం మేము ఏ కాగితం పంపినా ‘ఈ లెక్క ఎవరిది?’ అన్న ప్రశ్నే ముందు ఎదురైంది. మనకు నష్టం కలిగించే అంకె ఉంటే దాన్నీ నోట్‌లో పెట్టు, ఎలాగూ ఎవరో ఒకరు వాళ్లకు చెబుతారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన పనిలో ఇంట గెలవడమే ఎక్కువ కష్టం. ట్యాంకర్లు నడిపేవాడికీ కంటైనర్లు మోసేవాడికీ, కొత్త ఓడలు కొన్నవాడికీ పాత ఓడలతో నెట్టుకొస్తున్నవాడికీ ఒకే నిబంధన వేర్వేరుగా తగులుతుంది. ప్రపంచ స్థాయిలో 1905 నాటి బిమ్‌కో, 1921 నాటి ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ షిప్పింగ్ అనే ఓడల సంఘాలు ఉండగానే, ట్యాంకర్ల యజమానులు 1970లో ఇంటర్‌ట్యాంకోనూ, బొగ్గు, ధాన్యం లాంటి బల్క్ సరుకు మోసే ఓడలవారు 1980లో ఇంటర్‌కార్గోనూ పెట్టుకున్నారంటే కారణం ఇలాంటిదే. సభ్యుల మధ్య ఏకాభిప్రాయం కుదరకపోతే, అందరినీ మెప్పించే నీళ్ల చారులాంటి వాక్యం రాసే బదులు, మాలో రెండు అభిప్రాయాలున్నాయని అధికారికి చెప్పి, రెండింటికీ కారణాలు వివరించు. పెద్ద కంపెనీలు నేరుగా మంత్రిని కలుస్తాయి కనుక, ఆ తేడా దాచినా దాగదు.

సమయం సంగతి కొంచెం వివరంగా రాయాలి. నౌకాయాన నిబంధనల్లో ముఖ్యమైనవి చాలావరకు లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో రూపుదిద్దుకుంటాయి. అక్కడ సంఘాలు పత్రాలు సమర్పించవచ్చు, మాట్లాడవచ్చు, కానీ ఓటు దేశాలదే. అందువల్ల మన ప్రతినిధి బృందం విమానం ఎక్కకముందే, వాళ్లు పట్టుకెళ్లే సూచనల పత్రం తయారవుతున్నప్పుడే నువ్వు ఆ గదిలో ఉండాలి. ఒప్పందం కుదిరి దేశీయ చట్టంగా వచ్చాక పరుగెత్తడమంటే గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

గంధకం పరిమితి కథలో ఇది స్పష్టంగా కనబడుతుంది. ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించడం 2020 నుంచా, 2025 నుంచా అన్న చర్చలో, చాలినంత ఇంధనం దొరకదని హెచ్చరించే అధ్యయనాన్ని బిమ్‌కో మరో సంస్థతో కలిసి చేయించింది. అయినా 2016 అక్టోబరులో దేశాలు 2020 జనవరి 1నే ఖాయం చేశాయి. అక్కడితో అలిగి కూర్చోకుండా, ఓడల సంఘాలు అమలు మీద దృష్టి పెట్టాయి. నిబంధన పాటించేవాడు ఖరీదైన ఇంధనం కొంటూ ఉంటే, పాటించనివాడు చవకగా సరుకు మోయగలుగుతాడన్నదే వాళ్ల భయం. అందుకే పొగలోని గంధకాన్ని తొలగించే శుద్ధి పరికరం లేని ఓడ అధిక గంధకం ఇంధనాన్ని వాడుక కోసం ట్యాంకుల్లో ఉంచుకోవడమే నిషేధించాలని, పర్యావరణ సంస్థలతో కలిసి అడిగాయి. 2018లో ఆమోదం పొందిన ఆ నిషేధం 2020 మార్చి 1 నుంచి అమలైంది. పరిశ్రమే కఠిన నిబంధన కోరితే అధికారులు ఎంత శ్రద్ధగా వింటారో చూశావా! ఓడిపోయిన గడువు గురించే ఏడుస్తూ ఉంటే ఆ మాట చెల్లేది కాదు.

నావికుల సంఘాలను ప్రత్యర్థులుగానే చూడకు. 2020లో కరోనా వల్ల సరిహద్దులు మూసుకుపోయి దాదాపు 4 లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడల్లోనే ఉండిపోయినప్పుడు, యజమానుల సంఘాలూ కార్మిక సంఘాలూ ఒకే గొంతుతో మాట్లాడాయి. సిబ్బంది మార్పిడికి అవి దశలవారీ పద్ధతులు రాసివ్వగా, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ వాటిని సభ్య దేశాలకు పంపింది. సరిహద్దు ఎలా తెరవాలో తెలియని అధికారికి ఎలా తెరవాలో రాసిచ్చారు, అంతే.

ఒక జాగ్రత్త. సంఘం సమావేశంలో సరుకు రవాణా రేట్ల ప్రస్తావన వస్తే వెంటనే ఆపించి, ఆపించినట్లు మినిట్స్‌లో రాయించు. పోటీ చట్టాల కింద అది కుమ్మక్కుగా కనబడుతుంది. నిర్ణీత మార్గాల్లో వేళ ప్రకారం ఓడలు నడిపే లైనర్ కంపెనీలు కలిసి రేట్లు నిర్ణయించుకోవడానికి ఐరోపా సమాఖ్య ఇచ్చిన మినహాయింపు కూడా 2008 అక్టోబరుతో ముగిసిపోయింది.

ఇక వచ్చే నెల సమావేశానికి రెండు పేజీలకు మించని నోట్ తీసుకెళ్లు. నువ్వు కోరే సవరణను పూర్తి వాక్యంగా, యథాతథంగా చేర్చుకోగలిగేలా రాసి ఉంచు. నీతో పాటు అధ్యక్షుణ్ణి ఎలాగూ తీసుకెళ్లాలి, వీలైతే పనిలో ఉన్న ఒక చీఫ్ ఇంజనీరును కూడా తీసుకెళ్లు. సాంకేతిక ప్రశ్న వచ్చినప్పుడు మీ ఇద్దరూ తగ్గి ఆయన్ను మాట్లాడనివ్వండి. నోట్ ముసాయిదా సిద్ధమయ్యాక నాకొక ప్రతి పంపు, అంకెల వరకు నేను సరిచూసి పంపుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి