ఉప్పు వేస్తే జిప్సం స్ఫటికాలు త్వరగా వస్తాయా?

నీళ్లలో మామూలు ఉప్పు (సోడియం క్లోరైడ్) కలిపితే జిప్సం (నీటి అణువులు కలిసి ఉన్న కాల్షియం సల్ఫేట్ ఖనిజం) త్వరగా స్ఫటికాలు కడుతుందా అని అడిగారు. ఉప్పు కరిగితే జిప్సానికి చోటు చాలక బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు ఉంటే జిప్సం ఇంకా ఎక్కువ కరుగుతుంది.

స్ఫటికాలు పెంచడం నాకు సరదా. కాల్షియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ ద్రావణాలు కలిపితే జిప్సం వస్తుంది. అవే మోతాదులను ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌లో, ఒకసారి బాగా ఉప్పు కలిపిన నీళ్లలో చేసి చూశాను. మొదటి సీసా త్వరగానే తెల్లబడి, అడుగున పిండిలా సన్నని సూదులు చేరాయి. ఉప్పు సీసా చాలాసేపు తేటగానే ఉంది. అందులో తర్వాత వచ్చిన సూదులు తక్కువే, కానీ పొడుగ్గా, విడివిడిగా వచ్చాయి. (ఈ చర్యలో ఉప్పు కూడా పుడుతుంది కాబట్టి మొదటి సీసాలోనూ కాస్త ఉప్పు ఉన్నట్టే.)

కారణం అయాన్లు, అంటే లవణాలు నీటిలో కరిగినప్పుడు విడిపోయే విద్యుదావేశం ఉన్న కణాలు. సోడియం అయాన్లు సల్ఫేట్ చుట్టూ, క్లోరైడ్ అయాన్లు కాల్షియం చుట్టూ చేరి వాటి మధ్య ఆకర్షణను బలహీనపరుస్తాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు రెండున్నర గ్రాముల జిప్సం కరుగుతుంది. లీటరుకు 130-150 గ్రాముల ఉప్పు ఉంటే దాదాపు మూడు రెట్లు కరుగుతుంది. ఉప్పు అంతకంటే పెరిగితే కరిగే జిప్సం మళ్లీ తగ్గుతుంది, ఎందుకంటే నీటి అణువుల్లో చాలా భాగం ఉప్పు అయాన్లను పట్టుకుని ఉండడంతోనే సరిపోతుంది.

అసలు తిరకాసు ఏ ఉప్పు అన్నదాంట్లో ఉంది. సోడియం క్లోరైడ్ బదులు అదనంగా సోడియం సల్ఫేటో కాల్షియం క్లోరైడో వేస్తే, జిప్సంలో ఉన్న అయానే నీటిలో పెరుగుతుంది, అప్పుడు స్ఫటికాలు త్వరగా బయటపడతాయి. మెగ్నీషియం లవణాల పని ఇంకో రకం. కాల్షియం కార్బొనేట్‌కు కాల్సైట్, అరగొనైట్ అని రెండు స్ఫటిక రూపాలున్నాయి; అక్కడ అవి కాల్సైట్ పెరుగుదలకు అడ్డుపడి, అరగొనైట్ వచ్చేలా చేస్తాయి. వెచ్చని సముద్రాల్లో అరగొనైట్ ఎక్కువ కనిపించడానికి అదొక కారణం.

సముద్రపు నీరు ఆవిరయ్యేటప్పుడు ముందు కాల్షియం కార్బొనేట్, నీరు సుమారు నాలుగో వంతుకు తగ్గాక జిప్సం, పదో వంతుకు చేరాక ఉప్పు పడతాయి.

పెద్ద సూదులు కావాలంటే ఉప్పు నీళ్లు వాడండి, కానీ వంటింటి ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాల్లో కొన్ని కరగవు, ఆ రేణువుల మీద చిన్న స్ఫటికాలు గుంపుగా మొలుస్తాయి. సీసాకి మూత కూడా పెట్టండి, లేకపోతే నీరు ఆవిరై ఉప్పు ఘనాలు కూడా జిప్సం సూదుల మధ్య చేరిపోతాయి.