భాగహారానికీ విభాగ న్యాయం పనికొస్తుందా?

ప్రశ్న: విభాగ న్యాయం, అంటే 7 × (10 + 3) ని 70 + 21 గా విడగొట్టడం, మా అమ్మాయికి వచ్చు. (24 + 12) ÷ 6 ని కూడా అలాగే 4 + 2 అని చేసింది, సరిపోయింది. కానీ 36 ÷ (4 + 2) ని విడగొడితే 27 వచ్చింది! ఎందుకిలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పాప తెలివిగానే ప్రయత్నించింది. 6తో భాగించడమంటే ఆరో వంతుతో గుణించడమే. అందుకే 24నీ 12నీ విడివిడిగా భాగించి కలిపితే చెల్లింది. 36 ÷ (4 + 2) లో విడగొట్టింది భాజకాన్ని, అంటే భాగించే సంఖ్యని. భాజకం పెరిగితే జవాబు తగ్గాలి కదా! 36 ÷ 4 అంటేనే 9, అసలు జవాబు 6ని అప్పుడే దాటిపోయింది. దానికి 36 ÷ 2 అంటూ ఇంకో 18 కలపడమేమిటి?

నన్నడిగితే సూత్రం బట్టీ పట్టించేకంటే బొమ్మ గీయించడం మేలు. 7 వెడల్పు, 13 పొడవు ఉన్న దీర్ఘచతురస్రాన్ని 10 దగ్గర నిలువుగా కోస్తే ముక్కల వైశాల్యాలు 70, 21. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ అనే గణిత గ్రంథం రెండో భాగాన్ని సరిగ్గా ఈ విషయంతోనే మొదలుపెట్టాడు.

పై తరగతికి వెళ్లాక (3 + 4)² ని 9 + 16 అని రాసేస్తారు చాలామంది. (ఆ పేపర్లు దిద్దీ దిద్దీ విసిగిపోయాను!) భుజం 7 ఉన్న చతురస్రం గీసి, 3 దగ్గర నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు కొట్టించండి. 9, 16 కాక 12 చొప్పున ఇంకో రెండు ముక్కలు కనిపిస్తాయి. మొత్తం 49.