ఆ వాక్యం బైబిల్లో ఎక్కడుంది?

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. నాన్న పోయాక లేతు పని నేర్చుకుని, అప్పు చేసి చిన్న వర్క్‌షాప్ పెట్టాను. ఇప్పుడు నలుగురికి జీతాలిస్తున్నాను. మా అత్తగారు "అంతా ప్రభువు కృప" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడని బైబిల్లోనే ఉంది కదా?
— పేరు వద్దు, అంబత్తూరు, చెన్నై

జవాబు: బాబూ, ఆ వాక్యం బైబిల్లో లేదు. పాత సామెత అది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన 1736 పంచాంగంలో అచ్చువేశాడు. మా సండే స్కూల్లో ఒక టీచరు దాన్ని సామెతల గ్రంథంలోదని చార్టు మీద రాసి గోడకు అంటించింది. ఆ టీచర్ని నేనేలే.

పని మానుకోమని ఏ అపొస్తలుడూ చెప్పలేదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. పని చేయనొల్లనివాడు తినకూడదని థెస్సలొనీకయులకు రాసిందీ ఆయనే. నీ లేతుతో నాకు పేచీ లేదు.

పెరంబూరులో ఇల్లు కట్టినప్పుడు మా ఆయన లోతుగా బోరు వేయించారు. వీధిలో అందరూ నీళ్ల లారీకి బిందెలు వరుసపెడుతుంటే నేను మేడ మీంచి చూసేదాన్ని. 2019 జూన్‌లో మోటారు గాలి తోడింది. నీటి కరువుకి జోలార్‌పేట నుంచి చెన్నైలోని విల్లివాక్కానికి 50 రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించిన ఏడు అది. "ప్రభువా, నీళ్లియ్యి" అని రోజూ మోకరించాను. ఎదురింటి గడప తొక్కడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. ఆవిడ ఏమీ అడగలేదు. తన వంతులోంచి ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెడు నా చేతికిచ్చింది. దాని మెడ దగ్గర వేడి గరిటెతో అతికించిన మచ్చ ఉంది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో "నువ్వు తవ్వని బావులు" అన్న మాట అంతకుముందు ఎన్నిసార్లు చదివానో! మాకు బోరుందిగా, అది నాకు తగల్లేదు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." ఈ వాక్యమున్న క్యాలెండరు నీ వర్క్‌షాప్‌లోనూ ఉండే ఉంటుంది. ఫిలిప్పీయులకు 4:13. దానికి రెండు వచనాల పైన, సంతృప్తి గురించి చెబుతూ పౌలు వాడిన గ్రీకు మాట స్తోయికులనే తత్వవేత్తలకు మహా ఇష్టమైనది. ఎవరి మీదా ఆధారపడనివాడు అని దాని అర్థం. ఆ మాట వాడినాయన అప్పుడు చెరలో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత సాయం పంపితే, అందిందని రాస్తున్నాడు. 18వ వచనంలో ఆయన వాడింది వర్తకుల రసీదు మాట, మనం "పైకం ముట్టినది" అని రాసినట్టు. సమస్తమూ చేయగలనన్న మనిషి రసీదు రాసిచ్చాడు బాబూ.

లేతు నేర్చుకున్నానన్నావు. ఎవరు నేర్పారో రాయలేదు. అప్పుకి హామీ సంతకం ఎవరు పెట్టారో అదీ రాయలేదు. మళ్లీ ఉత్తరం రాస్తే ఆ పేర్లు రాయి. కొంపదీసి ఆ సంతకం అత్తగారిది కాదు కదా?