లాంగ్ రేంజ్ షూటర్ అవుతానంటున్న అబ్బాయికి ముందు ఏం కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వెయ్యి గజాల దూరం కొట్టే రైఫిల్ వీడియోలు చూసి, తానూ లాంగ్ రేంజ్ షూటర్ అవుతానంటున్నాడు. స్కోప్‌తో సహా మంచి రైఫిల్ కొనివ్వమని రోజూ అడుగుతున్నాడు. మూడు లక్షల దాకా సర్దగలను. ఏది కొనాలి? ఇందులో భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రైఫిల్ ఇప్పుడే కొనకండి. స్కోప్ (రైఫిల్ మీద బిగించే దుర్భిణి) అసలు కొనకండి. అబ్బాయి ఆసక్తిని కాదనడం లేదు. ఆ డబ్బు ఏ వరసలో ఖర్చు పెడితే ఆ ఆసక్తి నిలుస్తుందో చెబుతాను.

అబ్బాయి చూసిన వెయ్యి గజాల పోటీలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల జరిగేవి. మన దేశంలో స్కూలు పిల్లలకు ఆ దారి లేదు. ఇక్కడ మొదలు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుళ్లు కొట్టేది), తర్వాత 50 మీటర్ల పాయింట్ టూటూ (.22 క్యాలిబర్ తూటా రైఫిల్). అంతకు మించి 300 మీటర్ల పోటీలున్నా, అవి సైన్యం, పోలీసు రేంజ్‌లు అందుబాటులో ఉన్నవాళ్లకే ఎక్కువగా వీలవుతాయి. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూటూకి కచ్చితంగా కావాలి. మైనర్ పేరిట మామూలు లైసెన్సు రాదు కాబట్టి, ఆ దశలో రైఫిల్ క్లబ్ ద్వారానే వెళ్లాలి.

పది మీటర్లేనా అని అబ్బాయి మొహం ముడుచుకుంటే ఈ లెక్క చూపించండి. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. నిలబడి, 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. స్కోప్‌కి అనుమతి లేదు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ మాత్రమే. పాయింట్లను దశాంశాలతో లెక్కిస్తారు, ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9. పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ అర్జున్ బబుతా 60 షాట్లకి 630.1తో ఫైనల్‌కి చేరాడు. అంటే ప్రతి షాట్ సగటున పదిన్నర! ఆ పట్టు వచ్చినవాడికి దూరం తర్వాత నేర్చుకోగలిగిన విషయమే. 50 మీటర్లలో అదనంగా గాలి ఎటు, ఎంత వీస్తోందో కనిపెట్టాలి. ఎయిర్ రైఫిల్‌లో భంగిమ కుదరనివాడికి అక్కడ రెట్టింపు కష్టం.

ఇక సామాను. మొదటి కొన్ని నెలలు క్లబ్ రైఫిల్‌తోనే నేర్చుకోనివ్వండి. కోచ్ ముందుగా ఏ కన్ను బలమైనదో చూస్తారు. మీరూ ఇంట్లో చూడొచ్చు. రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం పిల్లాడికి ఎడమ కన్ను బలమైనదైతే ఎడమ భుజం మీద పెట్టి నేర్చుకోవాలా, ఒక కంటికి అడ్డు పెట్టుకోవాలా అన్నది కోచ్ తేల్చాలి. ఇది తేలకుండా కుడిచేతి వాటం రైఫిల్ కొంటే డబ్బు ఇరుక్కుపోతుంది.

సొంతంగా మొదట కొనాల్సినవి గ్లవ్, షూటింగ్ బూట్లు, ఆ తర్వాత జాకెట్. జాకెట్ నడుముకి, వీపుకి ఆసరా ఇవ్వాలి. దాని మందం, గట్టిదనం పోటీల్లో పరీక్షిస్తారు. పద్నాలుగేళ్ల పిల్లాడు ఏడాదిలో ఎంత పొడుగవుతాడో మీకు తెలుసు కదా, అందుకే ఖరీదైన లెదర్ సూట్ ఇప్పుడు వద్దు. సీనియర్లు వదిలేసిన జాకెట్ ఒంటికి సరిగ్గా పడితే అదే చాలు. ఖర్చంతా రైఫిల్‌దేనని తల్లిదండ్రులు అనుకుంటారు గానీ పెల్లెట్లూ ఆగకుండా తినేస్తాయి. రోజుకి వంద కొడితే 500 పెల్లెట్ల డబ్బా ఐదు రోజులకే ఖాళీ.

మీకు ఇంకో ఖర్చుంది, ప్రయాణం. హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. ఈ వేసవి సెలవుల్లో అక్కడ మంచి అకాడమీలో చేర్పించి చూడండి. తిరిగొచ్చాక కూడా రోజూ ఇంట్లో గోడ మీద చుక్క పెట్టుకుని, నిలబడే భంగిమ సాధన చేస్తున్నాడా? ఎవరూ గుర్తు చేయకుండా చేస్తుంటే అప్పుడు రైఫిల్ గురించి ఆలోచించండి. భారతీయ కంపెనీ ప్రిసిహోల్ రైఫిళ్లు మొదటి అడుగుకి సరిపోతాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి జర్మన్ మ్యాచ్ (పోటీ) రైఫిళ్లు కొత్తవైతే రెండు లక్షలు దాటిపోతాయి. అవి రాష్ట్ర స్థాయి స్కోర్లు వచ్చాకే. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. తయారీదారు చెప్పే వాడుక గడువు సాధారణంగా పదేళ్లు. అది దాటిన సిలిండర్ పోటీలకూ పనికిరాదు, భద్రతకూ మంచిది కాదు.

భవిష్యత్తు విషయానికొస్తే, పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలిపై, పడుకుని, నిలబడి కొట్టే పోటీ) కాంస్యం గెలిచిన కొల్హాపూర్ కుర్రాడు స్వప్నిల్ కుసాలె అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్ ఎగ్జామినర్. రైల్వేలు, సైన్యం, కేంద్ర బలగాల్లో స్పోర్ట్స్ కోటా నియామకాలున్నాయి. వాటికి అడిగేది జాతీయ స్థాయి ప్రతిభ. అమెరికా యూనివర్సిటీల్లో రైఫిల్ జట్లు, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, మార్కులు కూడా బాగుంటేనే. అందుకే చదువు పక్కన పెట్టించవద్దు. అబ్బాయి ప్రతి ప్రాక్టీస్ మ్యాచ్ స్కోరూ తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. పదో తరగతి పరీక్షలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని కోచ్ దగ్గరికి మీరిద్దరూ వెళ్లండి. ఇంటర్‌లో ఏ కాలేజీ, ఏ ఊరు అన్నది స్కోర్లు చూసి అప్పుడు నిర్ణయించుకోవచ్చు.